నా కథలో చచ్చిపోయిన మనిషిని చూసొచ్చాను

నేనొక మనిషిని వాగులో ముంచి చంపేశాను. కథలోనే అనుకోండి. పద్నాలుగేళ్ల కిందట రాసిన ఆ కథలో గంగమ్మ అనే గొర్రెల కాపరి ఉంటుంది. పొంగిన వాగు మధ్యలో ఆటో ఆగిపోతే ఆమె ఒక్కతే దూకి, ఆరుగుర్ని ఒడ్డుకు చేర్చి, చివరికి తను కొట్టుకుపోతుంది. నాకు పేరు తెచ్చింది ఆ కథే. సాహసం మగవాళ్ల సొత్తు కాదని, ఆడదాన్ని కూడా వీరుల వరసలో నిలబెట్టానని సభల్లో పొగిడారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఈ ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో తెనాలిలో మా ఇంటికి ఒక ఫోనొచ్చింది.

"మేడం, నా పేరు సునీత. ఆత్మకూరులో టైలరింగు షాపు నాది. మీ కథలో చచ్చిపోయిన ఆమె మా పెద్దమ్మ. బతికే ఉండాది."

"సంతోషమమ్మా" అన్నాను.

"సంతోషం కాదు మేడం. ఆ కథ వల్ల ఈడ ఇద్దరికి మాటల్లేవు. ఎనిమిదేళ్లయింది. మీరొకసారి రావాల."

మావారు విని నవ్వారు. నేను మాత్రం బట్టలు సర్దుకున్నాను. చంపిన మనిషిని బతికుండగా చూసే అవకాశం రాసేవాళ్లకి ఎన్నిసార్లొస్తుంది?

సంగం దాకా

నెల్లూరులో ఆత్మకూరు బస్సెక్కితే పక్కన ఒకావిడ కూర్చుంది. నాట్లకు పోతోంది. ఒళ్లో టిఫిను గిన్నె, దాని మీద మడతపెట్టిన తువ్వాలు. మా తెనాలి వైపు కొత్తమనిషిని "ఎక్కడిదాకండీ?" అని అడిగి, సమాధానం సగం విని కిటికీలోకి చూస్తాం. ఈవిడ అలా కాదు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, మోకాళ్ల నొప్పులున్నాయా, ఈ చీర యాడ కొన్నావు, అన్నీ అడిగింది. "నువ్వు" అనే అడిగింది. నాకు తెలియకుండానే నేనూ పక్కకు తిరిగి కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.

"ఎవురింటికి పోతుండావు?"

నేను కథ రాయడం, అందులో ఆమెను చంపడం, ఆమె బతికుండటం, అంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఊరికే ఎందుకు చంపినావు? బతికుంటే నీకేం పోయింది?" అంది.

బతికుంటే కథ ముగింపు అంత గట్టిగా ఉండేది కాదని చెప్పబోయి ఆగాను. ఆ మాట గొంతులోకి వచ్చేసరికి నాకే బాగాలేదు.

సంగం బ్యారేజీ దగ్గర పెన్నలో నీళ్లు నిండుగా ఉన్నాయి. కాలవలు, పచ్చటి మళ్లు, గట్ల మీద కొంగలు చూసి మా ఊరికే వచ్చినట్టనిపించింది. "ఈడికే ఈ పచ్చదనం. పైకి పోతే అంతా మెట్టే" అంది ఆవిడ దిగుతూ. పది అడుగులు నడిచి వెనక్కి తిరిగి అరిచింది: "ఈసారి చంపబాక!"

బస్సంతా నా వైపు చూసింది.

ఆత్మకూరు

సునీతకు ముప్పై దాటుతాయి. నన్ను చూడగానే మెషిను ఆపి, ముందు తిండి అంది. ఎర్రకారం పూసిన దోశ పెట్టించింది. మా వైపు కారం పక్కన పెడతారు, ఎంత కావాలో నంచుకునేవాళ్లిష్టం. ఇక్కడ ఆ ఛాయిస్ ఉండదు. రెండో ముక్కకే నా కళ్లల్లో నీళ్లు తిరిగితే, హోటలాయన వచ్చి నా ప్లేటులో ఇంకో గరిటె పప్పులపొడి వేసి, నెయ్యి పోసి పోయాడు. దానికి డబ్బులు తీసుకోలేదు. "ఊరికి కొత్త గదా" అన్నాడు.

తగాదా సంగతి సునీత దోశ తింటూనే చెప్పింది.

ఆ రోజు వాగు దగ్గర ఉన్నది వాళ్ల పెద్దమ్మ అంకమ్మ ఒక్కతే కాదు. ఆటోలో ఉదయగిరి నుంచి వచ్చిన ఖాదర్‌బీ అనే ఆమె ఉంది. చెక్క స్పూన్లు చేస్తుంది. మర్రిపాడు మండలంలో ఉన్న వాళ్లక్క ఇంటికి పోతూ చిక్కుకుంది. ఆటోలో వాళ్లను బయటికి దాటించింది ఆమె, ఒడ్డునుంచి లాగింది అంకమ్మ. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒక ఇంట్లో పుట్టినట్టు తిరిగారు. బక్రీదుకు పొట్టేలు అంకమ్మ మందలోంచే పోయేది. అంకమ్మ ఇంట్లో గరిటెలన్నీ ఖాదర్‌బీ చేతివే.

ఎనిమిదేళ్ల కిందట ఒక మాస్టారు నా కథ చదివి, ఇది మన వాగు సంగతే కదా అని గుర్తుపట్టాడు. మహిళా దినోత్సవానికి అంకమ్మను ఆత్మకూరు పిలిచి వేదికెక్కించారు. శాలువా కప్పారు. నా కథలో చివరి పేజీ మైకులో చదివారు. గంగమ్మ నీళ్లలో కొట్టుకుపోతుంటే జనం కళ్లు తుడుచుకున్నారట. అంకమ్మ కుర్చీలో కూర్చుని వాళ్లను చూస్తోందట.

"అక్కడ నవ్వాలో ఏడవాలో తెలీలేదు మేడం. ఖాదర్‌బీ అత్త కింద మొదటి వరసలోనే ఉండాది. ఉదయగిరి నుంచి పనిమాలా వచ్చింది. పెద్దమ్మకు మైకిచ్చినారు. 'అందరికీ దండాలు' అని కూర్చునింది. ఇంకో పేరు ఎత్తలా. ఖాదర్‌బీ అత్త లేచి ఎల్లిపోయింది. ఆ పోవడం పోవడమే."

"మీ పెద్దమ్మ ఎందుకు చెప్పలేదు?"

"అడిగితే నోరు విప్పదు. మీరడగండి. మీరు రాసేవాళ్లు గదా, చెప్తుందేమో."

మర్రిపాడు దారిలో

ఆత్మకూరు దాటాక నేల రంగు మారిపోయింది. ఎర్ర మట్టి, రాళ్లు, అక్కడక్కడా కంది, వానకోసం చూస్తున్న బీళ్లు. బద్వేలు వైపు పోయే లారీలు మమ్మల్ని రాసుకుంటూ పోయాయి. బస్సు దిగి నడుస్తుంటే, ఊరు ఇంకా రెండు మైళ్లుండగా నా చెప్పు తెగింది. సునీత తన చెప్పులు విడిచి నా ముందు పెట్టింది. వద్దంటే వినలేదు. ఉత్త కాళ్లతో కంకర మీద నాకంటే వేగంగా నడిచింది.

అంకమ్మ దొడ్లో గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. సన్నగా, పొడుగ్గా ఉంది, అరవై ఉండొచ్చు. నా కథలో గంగమ్మను బండలాంటి భుజాలతో రాశాను. ఈమె భుజాలు నా భుజాలంత కూడా లేవు.

సునీత, "పెద్దమ్మా, నిన్ను చంపినామె వచ్చింది" అంది.

అంకమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "అన్నం తిన్నావా?" అంది.

మా వైపు ఇంటికొచ్చినవాళ్లను కాఫీ అడుగుతాం. ఇక్కడ వేళతో పని లేదు, అన్నమే. రాగి సంగటి ముద్ద, చెనక్కాయల చట్నీ, గోంగూర. తినడం చేతగాక ముద్దను నముల్తుంటే, "నమలబాక, మింగు" అంది. మింగాను. అడ్డం పడింది. నీళ్ల చెంబు అందిస్తూ మొదటిసారి నవ్వింది.

తిన్నాక నా కథ చదివి వినిపించమంది. మైకులో చివరి పేజీ విన్నదే గానీ మొదట్నుంచీ తెలియదట. చదివాను. మూడో వాక్యం దగ్గరే ఆపింది.

"భయమనేదే ఎరగదని రాసినావే. ఎవురి గురించి అది?"

"మీ గురించే."

"నేను ఆ రోజు పారిపోయినాను, తెలుసునా? కొండ మీద వాన పడి వాగు మోత వినపడగానే గొర్రెల్ని తోలుకుని గుట్టెక్కేసినా. ఆటో ఆగిపోయింది చూసినా. అయినా పోయినా. ఎనకనుంచి ఆయమ్మ అరిచింది, 'మే, గొర్రెలామె! నీ కాళ్లు మొక్కుతా, రా!' అని. అప్పుడు తిరిగొచ్చినాను."

"ఆ తరవాత దూకారు కదా?"

"యాడ దూకేది? నాకు ఈత రాదే."

జరిగింది ఇది. ఆటో డ్రైవరు నీళ్లు మోకాలి లోతు ఉన్నప్పుడే, ట్రాక్టరు తెస్తానని చెప్పి దాటి పోయాడు. ఆటోలో నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు పసివాళ్లు. అవతలి ఒడ్డున పదిమంది దాకా మగవాళ్లు చేరారు, కేకలు వేస్తూ నిలబడ్డారు. అంకమ్మ కొమ్మలు దూసే దోటి చాపింది. అందలేదు. అప్పుడు తన చీర విప్పి ఒక కొస తుమ్మచెట్టుకు కట్టింది. చాల్లేదు. "నీదీ తియ్!" అని అరిచింది. ఖాదర్‌బీ ఆటో కడ్డీ పట్టుకుని, ఆ నీళ్ల మధ్య తన చీర విప్పింది. ఆమె విసిరిన కొసను అంకమ్మ దోటితో అందుకుంది. రెండు చీరలూ ముడేశారు. ఆ చీర పట్టుకుని ముగ్గురు ఆడవాళ్లు ఒడ్డుకొచ్చారు. పసివాళ్లలో ఒకర్ని ఖాదర్‌బీ తెచ్చి అందించి, రెండో పిల్ల కోసం మళ్లీ వెనక్కి పోయింది. అప్పుడే ఆటో కదిలింది. పిల్లను చంకనేసుకుని చీర నడుముకు కట్టుకుంది. అంకమ్మ లాగింది.

నేను పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

"మరి వేదిక మీద ఆమె పేరెందుకు చెప్పలేదు?"

అంకమ్మ ఒళ్లోని గొర్రెపిల్లను కిందికి దింపింది. సునీత లేచి నీళ్లు తెచ్చే వంకతో బయటికి పోయింది.

"వాగు జరిగిన నాలుగు రోజులకు ఆయప్ప వచ్చినాడు, ఖాదర్‌బీ మొగుడు. ఇదో ఈడే కూర్చున్నాడు. 'అంకమ్మా, అవతల ఒడ్డునుంచి అందరూ చూసినారు. ఆమె చీర తీసిందని మా వీధిలో నలుగురూ నాలుగు రకాలుగా అంటుండారు. నీకు పుణ్యముంటాది, ఆమె పేరు యాడా ఎత్తబాక' అన్నాడు. కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేనూ తీసినాను చీర. గొర్రెలు కాసేదాన్ని నన్నెవురు ఏమంటారు? సరే అని మాటిచ్చినాను."

"ఖాదర్‌బీకి చెప్పొచ్చు కదా ఈ సంగతి?"

"ఆయప్ప పోయినాడు, మూడేండ్లయింది. మంచోడే, పిరికోడు అంతే. పోయినోడి మీద పెండ్లానికి చెప్పేదా? నువ్వూ చెప్పబాక."

చెప్పనని నేనూ మాటిచ్చాను. దాంతో ఖాదర్‌బీ పేరు గురించి మాటిచ్చినవాళ్లు ఇద్దరమయ్యాం. అది నాకు అప్పుడు తట్టలేదు.

వరికుంటపాడు, అనుకోకుండా

మర్నాడు పొద్దున ఉదయగిరి బస్సులో ఒక్కదాన్నే కూర్చున్నాను. సంచిలో కథల పుస్తకంతో పాటు నా పాత యాత్రల పుస్తకం కూడా ఉంది. బయలుదేరేముందు ఎందుకో పెట్టుకున్నాను. మర్రిపాడు మీదుగా నేను మొదటిసారి బద్వేలు పోయినప్పటి వ్యాసం అందులో ఉంది. వాగు సంగతి నాకు ఆ ప్రయాణంలోనే ఒక తోటి ప్రయాణికుడు చెప్పాడు. పేజీలు తిప్పుతుంటే దొరికింది.

"ఇద్దరాడవాళ్లు చీరలు ముడివేసి ఆటోలో వాళ్లందర్నీ బయటికి లాగారట" అని నా అక్షరాలతో నేనే రాసుకున్నాను.

ఇద్దరని నాకు తెలుసు. చీరలని తెలుసు. ప్రయాణం రాసినప్పుడు విన్నది విన్నట్టు రాశాను. కథ రాసేటప్పుడు ఇద్దరుంటే వీరత్వం పలచనవుతుందనుకున్నాను. ఒక్కరే ఉండాలి, భయపడకూడదు, చివర చావాలి. ఆ కొలతలు నాకెవరిచ్చారు? చిన్నప్పట్నుంచి విన్న వీరులందరూ అలాగే ఉన్నారు. ఒంటరిగా పోయారు, వెనక్కి చూడలేదు, పడిపోయారు. నేను అదే చొక్కాను ఒక ఆడమనిషికి తొడిగి, కొత్తగా ఏదో చేశాననుకున్నాను. భయపడి గుట్టెక్కి, ఇంకో ఆడమనిషి పిలిస్తే తిరిగొచ్చిన అంకమ్మ నా కళ్ల ముందు ఉంటే ఆ కథ రాసేదాన్నేనా? రాసినా నాకు పేరొచ్చేదా? ఏమో.

తలెత్తి చూసేసరికి కోట ఉన్న కొండ వెనక్కి పోయింది. ఉదయగిరి దాటిపోయాను. కండక్టరు, "పిలిస్తిని గదమ్మా! ఉదయగిరి ఉదయగిరి అని గొంతు చించుకుంటిని!" అన్నాడు. వరికుంటపాడులో దింపాడు. తిరుగు బస్సుకు చాలా టైముందని టీకొట్టామె బెంచీ చూపించింది. టీ పదిరూపాయలు, సలహా ఉచితం: "పుస్తకాలు ఇంట్లో చదువుకోవాలమ్మా, బస్సులో బస్సు చూసుకోవాల."

ఉదయగిరి

బస్సు దిగగానే ఆటోవాళ్లు కోట చూపిస్తామని చుట్టుముట్టారు. కోటకు కాదు, ఖాదర్‌బీ ఇంటికి అన్నాను. "స్పూన్లా?" అని ఒకతను వెంటనే దారి పట్టాడు.

ఇరుకు వీధి. ప్రతి గడపలో చెక్కపొట్టు. ఆకురాయితో రుద్దుతున్న చప్పుడు వీధి పొడుగునా వినపడుతూనే ఉంది. ఖాదర్‌బీ గడపలో కాళ్లు చాపుకుని కూర్చుని, గరిటె కాడకు పువ్వు చెక్కుతోంది. పొట్టిగా, బొద్దుగా ఉంది. కళ్లజోడు ముక్కు చివర నిలబడింది. స్పూన్లు కొనడానికి వచ్చాననుకుని నాలుగు ముందు పెట్టింది. చిన్నవి ముప్పై, నగిషీ ఉన్నవి నూటఇరవై. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. గాలిలా తేలిగ్గా ఉంది, అంచు వేలికి పట్టులా తగిలింది.

నేనెవరో చెప్పాను.

ఆమె చేతిలో ఉలి ఆగింది. "కథ రాసినామెవా?"

"అవునమ్మా."

"కూర్చో" అంది. లోపలికి కేకేసి కుష్కా పెట్టించింది. ఇక్కడ కోపమున్నా అన్నం ముందు. ముక్కల్లేని బిర్యానీ అన్నం, వేడివేడిగా, పక్కన వంకాయ కూర. తిన్నంతసేపూ ఆమె గరిటె కాడను రుద్దుతూనే ఉంది, నా వైపు చూడలేదు. నేను చెయ్యి కడుక్కున్నాక మొదలుపెట్టింది.

"అంకమ్మను చూసినావా?"

"చూశాను. ఆమె మీ పేరు వేదిక మీద చెప్పకపోవడానికి..." అని, ఇచ్చిన మాట గుర్తొచ్చి ఆగిపోయాను.

"మా ఇంటాయన వద్దన్నాడు. అంతేగదా?"

"మీకెలా తెలుసు?" అన్నాను.

"పోయేముందు ఆయనే చెప్పినాడు. ఆసుపత్రిలో, నా చెయ్యి పట్టుకుని. 'ఆమె తప్పేం లేదు, నేనే మాట తీసుకున్నా' అన్నాడు."

"మూడేళ్లుగా తెలుసా మీకు? మరి ఇంకా ఎందుకు కోపం?"

ఖాదర్‌బీ కళ్లజోడు తీసి పైటతో తుడుచుకుంది.

"ఆ నీళ్లలో చీర తీసింది నేను. చెప్పాల్నా వద్దా అనేది యవ్వారం నాది. మా ఆయన ఈడనుంచి బస్సెక్కి పోయి ఆమెను అడిగినాడు. ఆమె సరే అనింది. నా పేరు గురించి వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. నన్నెవురైనా అడిగినారా? నేను సిగ్గుపడతానని ఎవురు చెప్పినారు వాళ్లకు? ఆ రోజు ఆత్మకూరుకు కొత్త చీర కట్టుకుని పోయినానమ్మా. ఆమె పిలుస్తాది, నేనూ పైకి పోతాననుకున్నా."

నేనన్నాను: "నేనూ అడగలేదు. ఇద్దరున్నారని నాకు తెలుసు. ఒక్కర్నే రాశాను."

"తెలుసునా?" అంది. నా సంచిలోంచి యాత్రల పుస్తకం తీసి ఆ వాక్యం చదివాను. రెండుసార్లు చదివించుకుంది. "ఇందులో సరిగ్గానే రాసినావే. ఇంకోదాంట్లో ఏమొచ్చింది నీకు?"

"కథ కదా, ఒక్కరుంటేనే గొప్పగా ఉంటుందనుకున్నాను."

"ఒక్కతే అయితే వాగు మధ్యలో ఎవురితో ముడేస్తాది?" అంది. నవ్వుతోందో తిడుతోందో తెలియలేదు.

ఎదురింటి గడపలో ఇద్దరు ఆడవాళ్లు ఆకురాయి ఆపి మా వైపే వింటున్నారు. ఖాదర్‌బీ గొంతు తగ్గించలేదు.

"ఇప్పుడు అడుగుతున్నాను" అన్నాను. "మళ్లీ రాస్తాను. మీ పేరు పెట్టమంటారా?"

"పెట్టు. ఖాదర్‌బీ అనే పెట్టు. గంగమ్మ, యమునమ్మ అని మార్చబాక."

"చీర సంగతి కావాలంటే వదిలేస్తాను."

"అది వదిలేస్తే ఇంకేముండాది దాంట్లో?" కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "బాగా రాయి. బురఖా ముందే తీసి ఆటో పైన ఏసినాను. తడిసిందంటే కాళ్లకు చుట్టుకుంటాది, ముడేస్తే జారిపోతాది. చీర నూలుది, ముడి నిలుస్తాది. అది ఆలోచించి తీసినాను, మతి పోయి కాదు. అట్టా రాయి."

రాసుకున్నాను. ఆమె చెప్పినట్టే ఇక్కడ రాశాను.

లేవబోతుంటే అడిగింది: "అంకమ్మకు ఫోనుండాదా ఇప్పుడు?"

సునీతకు చేశాను. సునీత ఆ పూట పెద్దమ్మ ఇంట్లోనే ఉంది. అంకమ్మకు ఇచ్చే చప్పుడు వినపడింది. ఫోను ఖాదర్‌బీ చేతిలో పెట్టాను.

"నేనే" అంది. అవతలినుంచి మాట లేదనుకుంటాను, గొర్రెల అరుపు మాత్రం సన్నగా వినిపించింది. ఉన్నట్టుండి ఖాదర్‌బీ గొంతెత్తింది. "నన్నడగాల్సిన పన్లేదా మే నీకు? నా మొగుడు చెప్తే అయిపోయిందా? నేను నీకేం కానా?" ఎదురింటివాళ్లు లోపలికి పోయారు. నేనూ లేచి వీధిలోకి వచ్చి, కొండ వైపు చూస్తూ నిలబడ్డాను. వెనక ఆ గొంతు పెరిగింది, విరిగింది, తగ్గింది. చివరకు వినపడలేదు.

పిలిస్తే లోపలికి పోయాను. ఖాదర్‌బీ పైటతో మొహం తుడుచుకుని ఫోను నాకందించింది. గరిటె తీసుకుని, ఎక్కడ ఆపిందో వేలితో వెతికి, ఉలి అక్కడ పెట్టింది.

"ఆదివారం వస్తాదంట" అంది. "రానీ. వచ్చినాక తిడతా."